కలత నిద్రపోయే కుక్కకి ముందు కొనాల్సింది పరుపు కాదు, కెమెరా

షెల్టర్ నుంచి తెచ్చిన కుక్క అర్ధరాత్రి కాళ్లు తన్నుకుంటూ, గొంతులోనే మొరుగుతూ, ఉన్నట్టుండి ఉలిక్కిపడి లేచిందంటే ఇంట్లోవాళ్ల చెయ్యి ముందు ఫోన్ మీదికి పోతుంది. పది నిమిషాలు వెతికితే చాలు, ‘ప్రశాంత నిద్ర’ పేరుతో ఓ సంతే కళ్ల ముందు పరుచుకుంటుంది. బొచ్చు పరుపు, ఒంటికి బిగుతుగా చుట్టే చొక్కా, ప్లగ్గులో పెట్టే సీసా, గుండె చప్పుడు చేసే బొమ్మ, పాలలోంచి తీసిన క్యాప్సూళ్లు, కుక్కల కోసం కట్టిన సంగీతం. వీటిలో మంచి పరుపు పనికొస్తుంది. సీసా కొన్ని కుక్కలకి పనికొస్తుంది. చొక్కా రాత్రిపూట పెట్టెలో ఉండటమే మేలు. వీటన్నిటికన్నా ముందు కొనాల్సింది మాత్రం ఈ సంతలో ఉండదు. అది చీకట్లో చూడగలిగే మామూలు ఇంటి కెమెరా.

ఎందుకో తెలియాలంటే కుక్క నిద్ర గురించి కాస్త చెప్పుకోవాలి. నిద్రలోకి జారిన సుమారు 20 నిమిషాలకి, కలలు ఎక్కువగా వచ్చే రెమ్ దశ మొదలవుతుంది. రెప్పల కింద కనుగుడ్లు తిరుగుతాయి, ఊపిరి లయ తప్పుతుంది, మీసాలూ పంజాలూ అదురుతాయి, నోరు మూసే ఉంటుంది కానీ బుగ్గలు ఉబ్బి లోపల్నించి ‘వుఫ్’ మని చిన్న అరుపు వస్తుంది. ఈ దశలో మెదడు కాండంలోని పాన్స్ అనే భాగం ఒంట్లోని కండరాలకి తాళం వేసి ఉంచుతుంది. ఆ తాళం సందుల్లోంచి జారిపడేవే ఈ అదుర్లు. ఫ్రాన్స్‌లో మిషెల్ జూవే అనే నిద్ర పరిశోధకుడు పిల్లుల మెదడులో ఆ భాగాన్ని దెబ్బతీసి చూస్తే, అవి నిద్రలోనే లేచి వేటకి పోతున్నట్టు కదిలాయి. 2001లో అమెరికాలోని ఎమ్ఐటీ పరిశోధకులు ఎలుకలు పగలు తిరిగిన దారిని నిద్రలో వాటి మెదడు మళ్లీ నడుస్తోందని చూపించారు. కాబట్టి కుక్క తలలోనూ ఏదో నడుస్తూ ఉండొచ్చు. అది పాత దెబ్బా, పిల్లి వెంట పరుగా అన్నది మాత్రం బయట కూర్చుని చెప్పలేం. కుక్కపిల్లలకీ ముసలి కుక్కలకీ ఈ అదుర్లు మామూలుగానే ఎక్కువ. వీటిని ఏ వస్తువూ ఆపలేదు, ఆపాల్సిన పని కూడా లేదు.

పట్టించుకోవాల్సింది మెలకువని. భయంతో లేవడం, లేచాక మళ్లీ కన్ను మూయకపోవడం, చోట్లు మారడం, ఎండ లేకపోయినా రొప్పడం, ముట్టుకుంటే పళ్లు చూపడం: ఇవీ అసలు కలత నిద్ర గుర్తులు. కొత్త చోటికి వచ్చిన కుక్కకి ఇవి ఉండటం వింతేమీ కాదు. ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు షెల్టర్ కుక్కలకి కదలికలు కొలిచే మీటర్లు కట్టి 2021లో ప్రచురించిన పనిలో, ఇళ్లలో ఉండే కుక్కలకన్నా అవి రాత్రిపూట తక్కువ విశ్రాంతి తీసుకున్నాయి. మొదటి రెండు రాత్రుల్లో అశాంతి మరీ ఎక్కువగా ఉండి, రోజులు గడిచేకొద్దీ తగ్గింది. 2017లో బుడాపెస్ట్ పరిశోధకులు తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి చూస్తే, నిమిరి ఆడించిన తర్వాత పట్టే నిద్ర ఒక తీరుగా, ఒంటరిగా కట్టేసి బెదిరించిన తర్వాత పట్టే నిద్ర ఇంకో తీరుగా ఉంది. పగటి బాధ రాత్రి నిద్రలో తేలుతుందన్నమాట.

ఈ సరుకుల కింద రాసే మెచ్చుకోళ్లలో చాలావాటిని పక్కన పెట్టాల్సింది ఇందుకే. కుక్క వచ్చిన మొదటి రాత్రే పరుపు తెప్పించి, పదో రోజుకి ‘అద్భుతం, హాయిగా పడుకుంటోంది’ అని అయిదు చుక్కలు పెడతారు. ఏమీ కొనకపోయినా పదో రోజుకి ఆ కుక్క ఎంతో కొంత కుదుటపడేది. ఏ వస్తువు పనిచేసిందో తెలియాలంటే మొదటి రెండు వారాలు ఖాళీగా వదిలి, ఆ తర్వాత ఒక్కోదాన్నే చేర్చాలి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం పది రోజులు ఉండాలి. లెక్క చూడటానికి కెమెరా కావాలి.

కెమెరా

పేరున్నదో లేనిదో, ఏదైనా ఫరవాలేదు. కావాల్సినవి నాలుగే. ఒకటి, ఇన్‌ఫ్రారెడ్ రాత్రి చూపు. 850 నానోమీటర్ల దీపాలున్న కెమెరా చీకట్లో మసక ఎర్రగా మెరుస్తుంది, 940 వాటికి ఆ మెరుపు కనబడదు. చాలా కుక్కలు ఆ ఎరుపుని ఖాతరు చెయ్యవు గానీ, ప్రతి కొత్త వస్తువుకీ బెదిరే కుక్క ఉంటే 940 తీసుకోవడం మంచిది. రెండు, లోపల మెమరీ కార్డు పెట్టి రాత్రంతా ఆపకుండా రికార్డు చేసే వీలు. కదలిక కనబడ్డప్పుడే మేలుకునే కెమెరాలు ఈ పనికి చెడ్డవి. అవి తేరుకుని రికార్డు మొదలుపెట్టేలోపు తొలి కొన్ని సెకన్లు పోతాయి. అది మూర్ఛేమో తేల్చడానికి డాక్టర్ అడిగేది సరిగ్గా ఆ సెకన్లనే. ఒక కాలు ముందు బిగుసుకుందా, లేక ఒళ్లంతా అదిరి మొదలైందా అని. మూడు, శబ్దం కూడా ఎక్కాలి. నాలుగు, తెర మీద టైము పడాలి.

1080పి స్పష్టత చాలు, అంతకు మించింది వృథా. సెకనుకి 15 ఫ్రేములు తగ్గకుండా చూసుకోవాలి. కొన్ని చవక కెమెరాలు చీకటి పడగానే ఫ్రేములు తగ్గించేస్తాయి, అప్పుడు పంజా అదురు చూస్తే కుంటి బొమ్మలాట చూసినట్టుంటుంది. మామూలు కుదింపులో పది గంటల రాత్రికి 6, 7 జీబీ పడుతుంది కాబట్టి 64 జీబీ కార్డులో వారం పైగా నిలుస్తుంది.

చాలామంది కెమెరాని గోడకి ఎత్తుగా బిగిస్తారు. అక్కడి నుంచి చూస్తే కుక్క ఒక బొచ్చు మూట, అంతే. నేల నుంచి 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో, కాస్త పక్కగా, మొహమూ నాలుగు కాళ్లూ పడేలా పెట్టాలి. తీగ కుక్క నోటికి అందకూడదు. కెమెరాలోంచి మాట్లాడే సదుపాయం ఉంటే ఆపెయ్యండి. అర్ధరాత్రి గోడలోంచి యజమాని గొంతు వినబడితే భయపడని కుక్క ఉండదు.

పొద్దున దాన్ని ఎనిమిది రెట్ల వేగంతో తిప్పితే గంటంబావులో రాత్రంతా అయిపోతుంది, 16 రెట్లయితే అందులో సగం. రాసుకోవాల్సినవి: పడుకున్నాక నిద్ర పట్టడానికి పట్టిన టైము, ఎన్నిసార్లు లేచింది, ఒక్కో అదురు ఎన్ని సెకన్లు, లేచాక ఏం చేసింది. చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. లేచి చెవి గోక్కుంటే, పంజా నాకితే, తోక మొదలు కొరుక్కుంటే అది పీడకల కాదు. పిడుదులో ఈగలో, చెవిలో ఇన్‌ఫెక్షనో. లేచి ఒళ్లు విరుచుకోకుండా వంగి నిలబడి, పక్క మార్చి, మళ్లీ మార్చి పడుకుంటే తుంటిలోనో నడుములోనో నొప్పి ఉండొచ్చు. బ్రిటన్‌కి చెందిన పశువైద్యుడు డేనియల్ మిల్స్ బృందం 2020లో రాసిన వ్యాసం ప్రకారం, ప్రవర్తన సమస్య అంటూ తమ దగ్గరికి వచ్చిన జంతువుల్లో తక్కువలో తక్కువ మూడో వంతుకి ఏదో ఒక నొప్పి ఉంది. లేచి నీళ్ల గిన్నె ఖాళీ చేసి తలుపు దగ్గర నిలబడుతోందా? అయితే మందుల చీటీ చూడండి. చర్మానికో, గుండెలో చేరే పురుగైన హార్ట్‌వార్మ్ చికిత్సలోనో ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్న కుక్క దాహంతో, రొప్పుతో, ఉచ్చతో రాత్రంతా తిరుగుతుంది. దానికి లావెండర్ దిండు కొని ఏం లాభం?

పరుపు

అంచు ఎత్తుగా, గుండ్రంగా, గారెలా ఉండే బొచ్చు పరుపుకే ఇప్పుడు గిరాకీ. అంచు మీద గడ్డం ఆనించి ముడుచుకు పడుకునే కుక్కకి అది నిజంగా నచ్చుతుంది. ‘ఆందోళన తగ్గిస్తుంది’ అన్న మాటకి మాత్రం చూపించదగ్గ రుజువు లేదు. అది పరుపు, మందు కాదు.

కొనేటప్పుడు మోసపోయేది కొలత దగ్గర. పెట్టె మీద వేసేది బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలత. అంచే రెండువైపులా 15 సెంటీమీటర్ల చొప్పున తింటుంది. అంటే 75 సెంటీమీటర్ల పరుపులో పడుకునే చోటు 45 మాత్రమే. కుక్క గాఢ నిద్రలో ఉండగా, మేల్కొల్పకుండా, ముడుచుకున్న ఒంటి అడ్డం కొలిచి దానికి ఓ జానెడు కలపండి, ఆ కొలత లోపలి గుంతకి సరిపోవాలి. కెమెరాలో అది పక్కకి ఒరిగి కాళ్లు బార్లా చాచి పడుకునే రకమని కనబడితే గుండ్రం పరుపు జోలికే పోవద్దు. రెమ్‌లో కాళ్లు ఆడిస్తే అంచుకి తగిలి, తగిలినప్పుడల్లా మెలకువ వస్తుంది.

ఇంకో లోపం వేడి. ఆ పొడుగు బొచ్చు గాలి ఆడనివ్వదు. రాత్రి తొలిజాము పరుపు మీద, తర్వాత గచ్చు మీద పడుకుంటోందంటే కుక్కకి పరుపు నచ్చలేదని కాదు, ఉడుకుతోందని. అలాంటి కుక్కకి నాలుగు కాళ్ల మీద గుడ్డ బిగించిన మంచం లాంటి పరుపు మేలు, కింద గాలి ఆడుతుంది. ముసలి కుక్కకీ, కీళ్ల నొప్పులున్న కుక్కకీ అంచు దాటడమే యాతన. వాటికి చదునైన ఫోమ్ కావాలి. పాతిక కిలోల కుక్కకి 10 సెంటీమీటర్ల మందం తగ్గకూడదు. పిడికిలి కణుపులతో గట్టిగా నొక్కితే కింద నేల తగిలిందా, అది ఫోమ్ పేరు పెట్టుకున్న గొంగళి.

కవరు జిప్పుతో ఊడి రావాలి. ఊడని పరుపుని మొత్తంగా మెషిన్లో వేస్తే లోపలి పీచు ముద్దలు కడుతుంది. ఉతకడంలో ఒక జాగ్రత్త: కొత్త కుక్క సామాన్లన్నీ ఒకే రోజు ఉతకొద్దు. దానికి ఆ ఇంట్లో తనదంటూ ఉన్నది ఆ వాసన ఒక్కటే. రెండు కవర్లు ఉంచుకుని, ఒకటి ఉతికినప్పుడు పాత దుప్పటి ఒకటి అలాగే వదలండి.

ఎంత మంచి పరుపైనా చోటు తప్పితే దండగ. గది నడిమధ్య వేస్తే వీధిలో బతికిన కుక్క దాని మీద కళ్లు తెరుచుకునే పడుకుంటుంది. వీపు గోడకి ఆనాలి, తలుపు కనబడాలి, మనుషులు దాటుకుంటూ పోయే దారి కాకూడదు. పరుపు మార్చే ముందు ఉన్న పరుపు చోటు మార్చి అయిదు రాత్రులు చూడండి. చాలా ఇళ్లలో ఖర్చు అక్కడితో ఆగుతుంది.

ప్లగ్గులో పెట్టే సీసా

అడాప్టిల్ అన్న పేరుతో దొరికేది ఇదే. పాలిచ్చే తల్లి కుక్క పొదుగు దగ్గర వెలువడే, పిల్లలకి సంకేతంలా పనిచేసే ఫెరమోన్ అనే రసాయనాని‌కి కృత్రిమ నకలు. దాన్ని గుర్తించింది ఫ్రాన్స్ పశువైద్యుడు పాట్రిక్ పజా. మనకి వాసన రాదు. 48 మిల్లీలీటర్ల సీసా సుమారు నెల నడుస్తుంది, 50 నుంచి 70 చదరపు మీటర్ల మేర పనిచేస్తుందని కంపెనీ చెబుతుంది. రుజువుల సంగతి నిజాయితీగా చెప్పాలంటే అటూ ఇటూ. 2010లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన ప్రయోగాల్లో చాలావాటికి చాలినంత బలం లేదని తేల్చింది. హాని దాదాపు లేదు, మందులతో గొడవ పడదు. కాబట్టి మూడో వారంలో ఒక సీసా పెట్టి చూడటం తప్పు కాదు.

పెట్టే తీరు తప్పితే మాత్రం ఆ కాస్త లాభమూ పోతుంది. కుక్క పడుకునే గదిలోనే, నిలువుగా ఉండే సాకెట్లో పెట్టాలి. సోఫా వెనకా, తెర వెనకా, బల్ల కిందా పెడితే ఆవిరి అక్కడే ఆగుతుంది, గోడకి జిడ్డు మరక మిగులుతుంది. ‘రాత్రి మాత్రమే కదా కావాల్సింది’ అని పగలు తీసేస్తే ప్రయోజనం ఉండదు, 24 గంటలూ నడవాలి. కిటికీలన్నీ తీసి, ఫ్యాను జోరుగా తిప్పే ఇంట్లో సీసా కన్నా మెడపట్టీ నయం. పట్టీ నాలుగు వారాలు వస్తుంది కానీ చర్మానికి తగులుతూ ఉండాలి, వదులుగా వేలాడితే అలంకారమే. సీసా మార్చినా ప్లగ్గు భాగాన్ని ఏళ్ల తరబడి వాడేవాళ్లున్నారు. దాన్ని ఆరు నెలలకి మార్చాలి. నెలరోజుల్లో కెమెరా లెక్కలో మెలకువలు తగ్గలేదా, రెండో సీసా కొనొద్దు.

చొక్కా

థండర్‌షర్ట్ లాంటి బిగుతు చొక్కాలు ఉరుములకీ, టపాసులకీ కొన్ని కుక్కలకి ఉపయోగపడతాయి. నిద్రకి పనికిరావు. రాత్రంతా వేసి ఉంచితే చంకల దగ్గర ఒరుసుకుంటుంది, ఒళ్లు కాగుతుంది, నిద్రలో మెలి తిరిగితే బిగుస్తుంది. ఇంకో సంగతి ఎవరూ రాయరు: వెల్క్రో. మెడ పక్కన అది ‘చర్ర్’ మని చిరిగినట్టు ఊడే శబ్దానికి దెబ్బలు తిన్న కుక్క గడ్డకట్టుకుపోతుంది. కదలకుండా, తోక కిందికి వేసి, చెవులు వెనక్కి అంటించి నిలబడితే ‘చూశారా, శాంతించింది’ అనుకుంటారు. పెదాలు నాకడం, కళ్ల అంచుల్లో తెలుపు కనబడటం చూస్తే అది శాంతో భయమో తెలుస్తుంది.

బొమ్మలు, క్యాప్సూళ్లు, పాటలు

గుండె చప్పుడు బొమ్మ తల్లి నుంచి అప్పుడే విడిపోయిన పసిపిల్లల వరకే. పెద్ద కుక్కకి అది చింపే వస్తువు. చింపితే లోపల బ్యాటరీ ఉంటుంది. కొన్నిటితో వచ్చే వెచ్చని పొట్లంలో ఇనుప పొడి ఉంటుంది, మింగితే విషం.

ఆల్ఫా కాసోజెపీన్ అనేది పాలలోని కేసీన్ నుంచి తీస్తారు. జైల్కీన్ పేరుతో వచ్చే క్యాప్సూలు ఇదే. మోతాదు కిలోకి రోజుకి 15 మిల్లీగ్రాములు, విప్పి తిండిలో కలపొచ్చు. మెల్లగా పనిచేసే సరుకు, కొంచెం జంకే కుక్కకి సరే, వణికిపోయేదానికి చాలదు. పాల మాంసకృత్తులు పడని కుక్కకి వద్దు. మనుషుల మెలటోనిన్ చప్పరింపు బిళ్లలు ఇంట్లో ఉంటే అటకెక్కించండి. వాటిలో కొన్నిటికి జైలిటాల్ తీపి వేస్తారు, కుక్కకి అది రక్తంలో చక్కెరని పడగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది.

సంగీతానికి ఆశ్చర్యంగా కొంత ఆధారం ఉంది. 2012లో అమెరికాకి చెందిన కోగన్ పరిశోధక బృందం చూసిన కెన్నెల్ కుక్కలు శాస్త్రీయ సంగీతం పెడితే ఎక్కువసేపు పడుకున్నాయి. హెవీ మెటల్‌కి ఒళ్లు వణికింది. గ్లాస్గో పరిశోధకులు మాత్రం కొద్దిరోజులకే వాటికి అలవాటైపోయి ఫలితం తగ్గిందనీ, రకాలు మార్చడం మేలనీ చెప్పారు. దానికోసం ప్రత్యేక యంత్రం అక్కర్లేదు. ఫ్యాను హోరు చాలు. ఒకే తీరు హోరు వినిపించే తెల్లశబ్దం యంత్రం కొంటే, గంటకి దానంతటదే ఆగిపోయే రకం కాకుండా చూసుకోండి. హోరు ఠక్కున ఆగిన నిమిషానికే కుక్క తలెత్తడం కెమెరాలో పడుతుంది.

డబ్బు పెట్టక్కర్లేనిది

అదురుతున్న కుక్కని తట్టి లేపొద్దు. పక్కన పడుకుని ఒళ్లోకి తీసుకోవద్దు. నిద్రకీ మెలకువకీ మధ్యలో ఉన్న కుక్క ముందు కొరుకుతుంది, తర్వాత చూస్తుంది. లేపక తప్పదనిపిస్తే రెండు మీటర్ల దూరంలో నిలబడి మెల్లగా పిలవండి. కొత్త కుక్కకి దాని పేరింకా తెలియదు, కాబట్టి తినుబండారాల డబ్బా చప్పుడు లాంటి, అది ఇప్పటికే ఇష్టపడే శబ్దం మేలు. పెద్ద లైటు వెయ్యొద్దు. లేచాక దాని దగ్గరికి మీరు పోవద్దు, దాన్నే రానివ్వండి. పసిపిల్లలున్న ఇంట్లో ఆ పరుపు పిల్లలకి అందని గదిలో ఉండాలి.

డాక్టర్‌కి చూపించాల్సినవి వేరు. కలలో కాళ్లు మెత్తగా, ఆగి ఆగి ఆడతాయి. ఒక్కో విడత అర నిమిషం దాటడం అరుదు. పిలిస్తే లేచి చుట్టూ చూసి మనిషిని గుర్తుపడుతుంది. మూర్ఛలో కాళ్లు కర్రల్లా బిగుస్తాయి, కళ్లు తెరిచే ఉండొచ్చు, చొంగ కారుతుంది, ఉచ్చ పడుతుంది, పిలిచినా పలకదు. ఆగాక కూడా తూలుతుంది, గోడకి తల ఆనిస్తుంది, మనుషుల్ని గుర్తుపట్టదు. అయిదు నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండోసారి వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. మూడో రకం అరుదు: గాఢనిద్రలోనే లేచి పరిగెత్తి గోడకి గుద్దుకోవడం, పరుపుని కొరకడం, లేపగానే ఏమీ జరగనట్టు ఉండటం. రెమ్ తాళం సరిగ్గా పడకపోవడమే కారణమని అనుమానించిన 14 కుక్కల మీద 2011లో ఒక వ్యాసం వచ్చింది. వాటిలో చాలావాటికి పొటాషియం బ్రోమైడ్ అనే మూర్ఛ మందు వాడారు. ధనుర్వాతం నుంచి కోలుకుంటున్న కుక్కల్లోనూ ఇలాంటి నిద్ర కదలికలు కనబడతాయి. గాయాలతో దొరికిన కుక్కయితే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పడం మరవొద్దు.

ట్రాజోడోన్, గాబాపెంటిన్, ఫ్లుఆక్సెటీన్ లాంటి మందులు రాయాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి. రాత్రంతా రికార్డు పట్టుకెళితే ఎవరూ చూడరు. అదురు మొదలయ్యే ముందు రెండు నిమిషాలు, ఆగిన తర్వాత అయిదు నిమిషాలు ఉండేలా మూడు ముక్కలు కత్తిరించి, టైము చెరపకుండా, శబ్దంతో సహా ఫోన్లో పెట్టుకెళ్లండి.